నేను రాసిన పాటకు ‘సేకరణ’ అని వేసిన్రు. గుత్తకిచ్చినంక ఇగ అడగొద్దా?

పరకాల పాటోడు · ఆదివారం, రాత్రి 9:40

అందరికి నమస్తే. చాన రోజులసంది ఇక్కడ చదువుడే గని రాసుడు లేదు. ఇయ్యాల కడుపు రగిలి రాస్తున్న.

నాది పరకాల దిక్కు. పొద్దంత మొబైల్ రిపేరు దుకాణం, రాత్రయితే పాటలు రాస్త. పోయినేడు ఒక యూట్యూబ్ ఛానలాయనకు పాట రాసిచ్చిన. ఎనిమిది వేలు ఇచ్చిండు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం తీసుకున్నడు. సదువకుండనే చేసిన, ఎందుకంటే అప్పటికి దుకాణం కిరాయి రెండు నెలలది బాకీ. పాట నడిచింది. మామూలుగ కాదు, మా వాడకట్టుల ఎవలి బరాత్ అయినా రెండుసార్లు మోగాల్సిందే. రోడ్డు పక్కకు నిలవడి నా పాటకు ఎగిరేటోళ్లను చూసేటోన్ని. అదొక సంబురం.

మొన్న ఎందుకో ఆ వీడియో కింద డిస్క్రిప్షన్ తెరిచిన. సంగీతం ఫలానా, గానం ఫలానా, డ్యాన్స్, కెమెరా, ఎడిటింగ్, ఆఖరికి డ్రోన్ లేపిన పిలగాని పేరు సుత ఉన్నది. సాహిత్యం దగ్గర మాత్రం ‘సేకరణ’. అంటే ఎవలూ రాయలే, ఎక్కన్నో పడి ఉంటె ఏరుకొచ్చిన్రు అన్నట్టు.

ఫోన్ జేసి అడిగిన. “అరె తమ్మీ, జానపదమంటే సేకరణే గదా. గట్ల ఏస్తెనే జనాలకు పాత పాట లెక్క అనిపిస్తది” అన్నడు. అదే ఫోన్ల ఇంకో బేరం పెట్టిండు. ఇరవై వేలు ఇస్త, అసొంటిదే ఇంకోటి రాయాలె, ‘బావ’ ఉండాలె, మొదటి పదిహేను సెకండ్లల్ల స్టెప్పు పడే మాట ఉండాలె, రీల్స్ కోసం. నా దగ్గర వేరే పాట ఉన్నది. మా అమ్మ బీడీలు చేస్తది, దాని మీద రెండేండ్లసంది రాసుకుంట కొట్టేసుకుంట ఉన్న. అది వినిపిచ్చిన. మధ్యల ఆపలే, పూర్తిగ విన్నడు, అబద్ధమెందుకు. విని “మంచిగున్నది గని తమ్మీ, దీనికి ఎవలు ఎగురుతరు?” అన్నడు.

రెండు అడగాల్నని ఉన్నది. ఒకటి, పేరు సంగతి. సంతకం పెట్టినంక అడిగే మొఖం ఉంటదా? రెండు, ఇరవై వేలు తీసుకోన వద్దా? తెలిసినోళ్లు చెప్పున్రి.

డీజే లవర్ 506 · ఆదివారం, రాత్రి 9:52

పాట హిట్ అయినంక యాదికొచ్చిందా అన్నా పేరు? ఫ్లాప్ అయితే సేకరణే మంచిది అనుకునేటోనివి 😄

డోలు దెబ్బ · ఆదివారం, రాత్రి 10:15

506, నవ్వుడు తర్వాత.

తమ్మీ, నేను క్యాసెట్ల కాలం మనిషిని. అప్పుడు వరంగల్‌ల పాట పాడితే హైదరాబాద్ పోయి రికార్డింగ్. పొద్దున బస్సెక్కితే రాత్రి వాపస్. ఒక్కరోజుల ఎనిమిది పాటలు, నాలుగు ఏ సైడు నాలుగు బీ సైడు. చేతుల పెట్టిన పైసలు బస్సు కిరాయికి, మందికి చాయ్‌లకు పోయేవి. క్యాసెట్ అట్ట మీద మన పేరు ఉంటే ఊర్లె పదిమందికి చూపిచ్చుకునేటోళ్లం. ఆ అట్ట ఇంకా నా బీరువల ఉన్నది. క్యాసెట్ తిరగదు, అట్ట ఉన్నది. పేరుకు ఉన్న లెక్క అది.

అందుకే మొదటిదానికి నా జవాబు: అడుగు. రెండోదానికి: తీసుకో. ఇరవై వేలు వద్దంటే మీ అమ్మ బీడీలు చేసుడు ఆగదు గదా.

నల్లకోటు, హన్మకొండ · ఆదివారం, రాత్రి 11:05

పరకాల తమ్ముడూ, ముందు ఆ కాగితం ఫొటో తీసి నాకు విడిగా పంపు, ఇక్కడ పెట్టకు. చూడకముందే చెప్పగలిగింది కొంత ఉంది.

మన కాపీరైట్ చట్టం 1957ది. దానికి 2012లో ఒక సవరణ వచ్చింది. పాటలు రాసేవాళ్లు, బాణీలు కట్టేవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా మాట్లాడారు. దాని ప్రకారం సౌండ్ రికార్డింగ్‌లో నీ సాహిత్యం వాడితే, ఆ వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా నీది. ఆ వాటాను నువ్వు వదులుకుంటానని రాసిచ్చినా చెల్లదు. వారసులకు ఇవ్వవచ్చు, కాపీరైట్ సొసైటీకి, అంటే రాసేవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘానికి, ఇవ్వవచ్చు, అంతే.

మన భాషలో చెప్పాలంటే నువ్వు పొలం గుత్తకిచ్చాననుకుంటున్నావు. చట్టమేమో పాటను గుత్తకిచ్చినా నీ పాలు, అంటే నీ వాటా, పోదంటున్నది.

పేరు సంగతి ఇంకా తేలిక. హక్కులన్నీ అమ్ముకున్నా ‘ఇది నేను రాశాను’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నీకే ఉంటుంది. ఇంకోటి చూడు: ఆ కాగితంలో ఎన్నేళ్లకు అని రాసి లేకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడెక్కడ అని లేకపోతే ఇండియా వరకే.

బరాత్‌లో మోగినదానికి మాత్రం ఆశ పెట్టుకోకు. పెళ్లి ఊరేగింపులో పాట వేయడాన్ని చట్టమే మినహాయించింది. చూసి సంబరపడు.

పరకాల పాటోడు · ఆదివారం, రాత్రి 11:20

పాలు పోదా సార్? నాకు నిద్ర వట్టేటట్టు లేదు ఇగ.

సిరిసిల్ల స్క్రీన్ · సోమవారం, ఉదయం 7:30

నేను ఛానల్ నడుపుత. చిన్నది. రాత్రి ఇదంత చదివిన, ఊకోబుద్ధి కాలే. నన్ను తిట్టేముందు జర ఇనున్రి.

ఒక పాట బయటికి రావాల్నంటే ఏమేం కావాలె? రాసినాయన, ట్యూన్, స్టూడియో, రిథమ్, ప్యాడ్స్ వాయించేటోడు, కోరస్ పిల్లలు ఇద్దరు ముగ్గురు, మిక్సింగ్. ఇది ఆడియో వరకే. ఇగ షూట్: హీరోయిన్ పిల్లకు పేమెంటు, ఆమెతోని వచ్చిన అమ్మకు సుత అన్నం, బట్టలు, డ్యాన్స్ మాస్టర్, కెమెరా, డ్రోను, పొలమాయన మడి కరాబైందని లొల్లి పెడితే ఆయనకు ఇంత. వానొస్తే ఇంకో రోజు. నేను పోయినేడు పదకొండు పాటలు తీసిన, పెట్టుబడి తిరిగొచ్చినయి రెండే. మిగిలిన తొమ్మిదిటి అప్పు మా బామ్మర్ది దగ్గర, మిత్తికి. పాట నీది అంటవు, కరెక్టే. అప్పు నాది.

యూట్యూబ్ ఊకెనే ఇయ్యదు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల నాలుగువేల గంటలు చూసి ఉండాలె, లేకుంటె షార్ట్స్‌కు తొంబై రోజులల్ల కోటి వ్యూస్ రావాలె, అప్పుడే పూర్తిగ యాడ్ పైసల లెక్కలకు వస్తవు. వచ్చినంక యాడ్ మీద వచ్చినదాంట్ల ఛానల్‌కు 55 శాతం, మిగిలింది వాళ్లకు. షార్ట్స్ అయితే అది సుత తక్కువ, 45. ఏ పాట నడుస్తదో ఎవ్వనికి తెల్వదు. తెల్వదు గనుకనే నడిచినదాన్నే మళ్ల తీస్తం. బావ నడిస్తే బావ, బతుకమ్మ ముంగట బతుకమ్మ, మేడారం జాతరకు రెండు నెలల ముంగట సమ్మక్క. ఇది భయం, దీన్నే జనం లాభం అంటరు.

అయినా ఒకటి ఒప్పుకుంట. పేరు ఏసుడుకు నయాపైస ఖర్చు కాదు. ఎయ్యకపోవుడు తప్పే. ఎందుకు ఎయ్యరో కూడ చెప్తున్న, మా లైన్ల తెలిసిన ముచ్చటే: రాసినోని పేరు కనవడితే రేపు ఇంకో ఛానలోడు నేరుగ వానికే ఫోన్ జేస్తడు, రేటు పెరుగుతది. డ్రోన్ పిలగాని పేరు ఏస్తే ఏం పోదు, డ్రోన్లు గల్లీకి నాలుగున్నయి.

డోలు దెబ్బ · సోమవారం, ఉదయం 8:02

ఆ చివరి ముచ్చట చెప్పినందుకు సిరిసిల్ల తమ్మునికి దండం. ఇన్నేండ్ల సంది అట్ట మీదికెళ్లి నా పేరు ఎప్పుడెప్పుడు ఎందుకు పోయిందో ఇప్పుడర్థమైతున్నది.

కాజీపేట జంక్షన్ · సోమవారం, ఉదయం 10:40

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. కొంచెం పాఠంలా ఉంటే మన్నించండి, ముప్పై ఏళ్ల అలవాటు.

సిరిసిల్లాయన చెప్పిన ‘నడిచినదాన్నే మళ్లీ తీస్తాం’ అన్న మాటను 1940లలోనే ఇద్దరు జర్మన్ తత్వవేత్తలు, అడార్నో, హోర్క్‌హైమర్, హిట్లర్ నుంచి తప్పించుకుని అమెరికాలో తలదాచుకున్న కాలంలో పట్టుకున్నారు. ‘సంస్కృతి పరిశ్రమ’ అన్న మాట వాళ్లు వాడినదే. కారుకు రంగు మార్చి కొత్త మోడల్ అన్నట్టు, పాటకు పైపై తేడాలు పెట్టి కొత్త పాట అంటారని వాళ్ల ఫిర్యాదు. నేను వాళ్లతో సగమే ఏకీభవిస్తాను. జనానికి ఏమీ తెలియదన్న చిన్నచూపు వాళ్లలో ఉంది.

నాకు ఎక్కువ పనికొచ్చిన మాట ఇంకొకరిది. 1966లో బోమోల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ఒక చిన్న విషయం గమనించారు. నలుగురు కూర్చుని వాయించే కచేరీకి వందేళ్ల కింద ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇవాళా అంతే కావాలి. ఈలోగా ఫ్యాక్టరీలో ఒక మనిషి చేసే పని పదింతలైంది, దానితో కూలీ కూడా పెరిగింది. కచేరీ మాత్రం అక్కడే ఉంది, ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు మన ఒగ్గుకథ చూడండి. మల్లన్న కథ రాత్రంతా చెప్పాలి. డోళ్లు, తాళాలు, ప్రధాన కథకుడు, వంత. మెషిన్ పెట్టి ముప్పావుగంటలో ముగిస్తే అది మల్లన్న కథ కాదు. నాటు మెషిన్ వచ్చి మడిలో కూలీలు తగ్గినట్టు ఒగ్గుకథలో మనుషులు తగ్గరు. మరి ఆ రాత్రికి పది మందికి కైకిలి గిట్టేలా ఇచ్చేదెవరు? ఒకప్పుడు కులం ఇచ్చింది, మిరాశీ, అంటే ఫలానా ఊళ్లలో ఆడి అడుక్కునే వంశపారంపర్య హక్కు, ఇచ్చింది. చిందు యక్షగానానికీ అంతే. మన జనగామ వైపు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, ఆయన ఆడిన ఆట పుట్టింది ఆ మిరాశీ మీదే. ఆ ఏర్పాటులో ఎంత అవమానం ఉందో కూడా మనకు తెలుసు, దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అడగరు. అది పోయిన చోట ఏది వచ్చింది అన్నదే ప్రశ్న.

డీజే లవర్ 506 · సోమవారం, ఉదయం 10:44

సారూ పరీక్షల వస్తదా ఇది

కాజీపేట జంక్షన్ · సోమవారం, ఉదయం 10:51

వస్తుంది నాయనా, తప్పకుండా వస్తుంది. నీకు పిల్లలు పుట్టి వాళ్ల పెళ్లి బరాత్‌కు ఏ పాట పెట్టాలో తోచనప్పుడు.

వేదిక నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 12:15

ఇద్దరు సభ్యులు ఆ ఛానల్ పేరు ఊహించి రాసిన్రు, తీసేసినం. పేర్లు వద్దు. ముచ్చట నడవనియ్యిన్రి.

చేర్యాల ఎర్రరంగు · సోమవారం, మధ్యాహ్నం 2:30

నేను చేర్యాల బొమ్మల పటాలు వేసే నకాషీల ఇంట్ల పుట్టలేదు, శిక్షణల చేరి నేర్చుకున్న. ఆరేండ్లాయె. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలకు పోయింది గని మా అత్తగారికి ఇంకా వరంగల్ జిల్లానే.

సార్ చెప్పిన ‘ఎవలు ఇచ్చేది’ దాని మీద ఒకటి చెప్పాల్నని ఉన్నది. మా పటాలు పైసల కోసం కాకుండ ఉత్త కళ కోసం వేసినవని బయట అనుకుంటరు. అట్ల ఎన్నడు లేదు. కథ చెప్పేటోళ్లు వచ్చి పటం వేయించుకునేది. ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలోళ్లు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్లు, ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడుగు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టుడే పెద్ద పని. కథ ఏది ఉండాలె, ఎవరి తర్వాత ఎవరు రావాలె, అన్నీ కొనేటోడే చెప్పేది. నీ ఇష్టం వచ్చినట్టు వేస్తే తీసుకోడు. అది సుత ఆర్డరే.

మరి తేడా ఎక్కడున్నది? అప్పుడు కొనేటోనికి కథ తెలుసు. పటం విప్పి చెప్పుకుంట పోతుంటే ముంగట కూసున్న ముసలామెకు సుత తెలుసు. ఒక్క బొమ్మ తప్పు పడితే అక్కడనే అడుగుతది. ఇప్పుడు నా దగ్గర కొనేటోళ్లు మంచోళ్లు, బేరం గూడ ఎక్కువ చెయ్యరు. గని వాళ్లు అడిగేది ఒక్కటే: సోఫా రంగుకు కలుస్తదా? మొన్న ఒకామె ఆ ఎర్ర నేల తీసేసి గచ్చకాయ రంగు వేయమన్నది. వేసిన. పైసలు మంచిగిచ్చింది. ఆ రాత్రి మాత్రం నా చేతులు కడుక్కుంటె ఏ రంగూ పోలే, అదొక తిక్క.

యాభై అడుగుల కథ అడుగు ఫ్రేము అయింది. ఫ్రేముల పట్టేది ఒక్క బొమ్మ. ముందేం జరిగిందో తర్వాతేమైందో ఉండదు. తాళంచెవి బిళ్లలు, మాస్కులు గూడ చేస్తం, వాటి మీదనే పిల్లల ఫీజులు కడుతున్న, నేను వాటిని తిట్ట. పరకాల అన్నా, నీ పదిహేను సెకండ్లు నా అడుగు ఫ్రేము ఒకటే.

కొత్తవాడ మగ్గం · సోమవారం, సాయంత్రం 6:10

అక్క చెప్పినదానికి మా దిక్కుకెళ్లి ఒక మాట. ఓరుగల్లు దర్రీలకు 2018ల జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అనే సర్కారు గుర్తింపు, వచ్చింది. సంబురపడ్డం. తర్వాత తెలిసింది ఏందంటే అది పేరును కాపాడుతది, పడుగును గాదు పేకను గాదు. మెషిన్ మీద అచ్చం మన డిజైన్ గుద్ది వేరే పేరుతోని అమ్మితే ఏం చేస్తవ్? మా బాపు కాలంల నమూనా కాయితం మీద వచ్చేది, గీత కొంచెం అటిటు అయినా బాపు తన తెలివి పెట్టేది. ఇప్పుడు వాట్సాప్‌ల రంగు నంబర్లతో సహా వస్తది. చేతులే మావి.

సర్కారు గొంతు · సోమవారం, రాత్రి 8:25

లాభం సంగతి ఇంతసేపు మాట్లాడిన్రు, జీతం సంగతి ఎవలు మాట్లాడలే. రాష్ట్రం వచ్చిన 2014లనే తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టిన్రు, 550 మంది కళాకారులకు కొలువులు. నేను అండ్ల లేను, నా దోస్తులున్నరు. నెల తిరిగితే జీతం పడ్డది, పిల్లలను చదివిచ్చుకున్నరు. గజ్జె కట్టినోనికి నెలజీతం అన్నది మా తాతలు వినని ముచ్చట. పాట మాత్రం పథకాల మీద పాడాలె, ఊరూరికి పోయి. ఉద్యమంల పాడిన గొంతుకు అది సరిపోతదా అంటే ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తరు. నాకైతే ఛానలోడు ‘బావ’ అడుగుడుకు, సర్కారు పథకం అడుగుడుకు పెద్ద తేడా కనవడదు. ఇద్దరూ ముందే మాట చెప్పి పాట అడుగుతున్నరు.

డోలు దెబ్బ · సోమవారం, రాత్రి 8:50

తేడా ఉన్నది. సర్కారుది ఫస్ట్ తారీఖు పడ్తది 😀

నల్లకోటు సారూ, ఒక డౌటు. నేను మొన్న నా ఛానల్ల మా అమ్మమ్మల కాలం ఉయ్యాల పాట పాడి పెట్టిన. ఎవలో క్లెయిమ్ కొట్టిన్రు, యాడ్ పైసలన్నీ వాళ్లకే పోతయట. అది బతుకమ్మ పాట సారూ! దానికి ఓనర్ ఎట్ల పుట్టిండు?

నల్లకోటు, హన్మకొండ · సోమవారం, రాత్రి 9:30

పాటకు పుట్టడు, రికార్డింగ్‌కు పుడతాడు. ఒకాయన అదే పాటను తన వాయిద్యాలతో రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ ఆయనదే, అరవై ఏళ్లు. కానీ తరతరాల పాట మీద, ఆ బాణీ మీద ఆయనకు హక్కు రాదు. యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే పాటలను పోల్చి క్లెయిమ్ వేసే మెషిన్‌లో, కూడా తనకు మాత్రమే హక్కు ఉన్నదాన్నే పెట్టాలని నియమం. మెషిన్‌కు అది తెలియదు, రెండు బాణీలు కలిస్తే చాలు. నువ్వు డిస్ప్యూట్ పెట్టు, ‘సంప్రదాయ గీతం, గానం వాయిద్యం నావి’ అని రాయి. అవతలివాడు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది.

ఆత్మకూరు ఆడబిడ్డ · మంగళవారం, ఉదయం 6:15

నైట్ డ్యూటీ దిగి ఇదంత చదివిన. పరకాల అన్న పాట ఏదో నాకర్థమైంది, మా హాస్టల్ పిల్లలు రోజూ పెడ్తరు. పేరు రాయను గని పల్లవి రాస్త, ఏమనుకోవద్దు.

“బావ దెచ్చిన పట్టగొలుసు
పొద్దుగూకితె బరువు దెలుసు”

ఇదే గదా అన్నా?

మా నాయినమ్మ నాట్లేసేటప్పుడు పాడేది. నేను చిన్నప్పుడు గెట్టు మీద కూసోని విన్న. ఆమెది ఇట్లుంటది:

“బురదె నాకు పట్టగొలుసు
పొద్దుగూకితె బరువు దెలుసు”

బావ లేడు అండ్ల. మోకాళ్ల దాక బురద, దినమంత వంగుడు, అది ఎండి కాళ్లకు పట్టినంక బరువైతది, దాని మీద పాట. నీ పాట ఇన్నప్పుడల్లా నాకు ఏదో తేడా కొట్టేది. ఇయ్యాల ‘నేను రాసిన పాట’ అని నువ్వు రాస్తే అడగబుద్ధయింది. కోపంతోని కాదు.

డీజే లవర్ 506 · మంగళవారం, ఉదయం 6:40

🔥🔥🔥 ఇప్పుడు చెప్పు అన్నా

సిరిసిల్ల స్క్రీన్ · మంగళవారం, ఉదయం 7:15

నేనేం అంట లేను.

చేర్యాల ఎర్రరంగు · మంగళవారం, ఉదయం 9:00

‘బురదె నాకు పట్టగొలుసు’. మూడుసార్లు చదివిన. దీనికి బొమ్మ వేయొచ్చు.

పరకాల పాటోడు · మంగళవారం, రాత్రి 10:30

పొద్దటిసంది జవాబు రాద్దామని తీసుడు, మూసుడు. దుకాణంల ఒకాయన ఫోన్ డిస్‌ప్లే సుత పగులగొట్టిన.

అక్క చెప్పింది నిజం. ఆ రెండు లైన్లు నేను పుట్టిచ్చినవి కావు. మా అమ్మమ్మ ఊర్లె నాట్లప్పుడు విన్న, పదేండ్లు ఉంటయేమో నాకు. చరణాలు మూడూ నావే, దేవుని మీద ఒట్టు. పల్లవి మొదలు బురద తోనే రాసిచ్చిన. ఛానలాయన “బురద అంటే థంబ్‌నెయిల్ల ఏం పెడ్తం” అన్నడు. అప్పుడు బావను పెట్టిన. రెండక్షరాలు మార్చినంక ఇగ అది మొత్తం నాదే అనుకున్న. ఆయన సేకరణ అని ఏస్తే మండింది గని, నా కాయితం మీద నేను నాట్లేసిన ఆడోళ్లకు సేకరణ అని సుత ఎయ్యలే. ‘రచన’ అని నా ఒక్కని పేరు రాసుకున్న.

ఇరవై వేలకు ఇంకా అవునని చెప్పలే.

డోలు దెబ్బ · మంగళవారం, రాత్రి 10:48

తమ్మీ, దీనికి సిగ్గువడకు. మేమంత గట్లనే నేర్చుకున్నం. ఒకామె పాడిన లైనుకు ఇంకోడు చరణం కట్టుడే జానపదం. నేను పాడిన ఎనిమిది పాటలల్ల ఐదు గట్లయే.

కాజీపేట జంక్షన్ · మంగళవారం, రాత్రి 11:10

కట్టడం వేరు, మార్కెట్లో పెట్టడం వేరు. మడిలో ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకున్నారు, అక్కడ పైసలు లేవు కనుక ఎవరిదన్న ప్రశ్నా లేదు. అదే పాట యాడ్ వచ్చే చోటికి చేరగానే ‘అందరిదీ’ అన్న మాట ‘ఎవరిదీ కాదు’గా మారిపోతుంది. ఎవరిదీ కానిది ముందు చేయి వేసినవాడిది. సేకరణ అన్న మాట నిజాయితీగా రాసిన రోజులు ఉన్నాయి: ఊరు, పాడిన మనిషి, విన్న తేదీ పక్కనే ఉండేవి. యూనివర్సిటీ పిల్లలు నోట్‌బుక్కుల్లో అలాగే రాసుకునేవాళ్లు. ఆ మూడూ తీసేసి మాట ఒక్కటే మిగిల్చారు.

ఇంకొకటి, బురదను బావగా మార్చిన ఆ రెండక్షరాల్లో ఈ చర్చ మొత్తం ఉంది. కైకిలి పాట ప్రేమ పాటైంది. ఎందుకంటే కైకిలికి ఎవరూ ఎగరరు.

సిరిసిల్ల స్క్రీన్ · మంగళవారం, రాత్రి 11:25

ఎగరరని ఎట్ల చెప్తరు సార్? ఎవ్వడు తీసి చూసిండు? నిజంగ అడుగుతున్న. అదే బీటు మీద, అదే స్పీడు మీద, పల్లవి బురద తోనే ఉంచి తీస్తే? మడిల షూట్ చేస్తం గదా ఎట్లైనా, బురద ఫ్రీ. ట్యూన్ ఎట్లుంటదో ఇనాలె ముందు. ఆత్మకూరు చెల్లె, మీ నాయినమ్మ పాడుతదా ఇంకా?

నల్లకోటు, హన్మకొండ · మంగళవారం, రాత్రి 11:31

తీసే ముందు కాగితం. ఈసారి నేను చూశాకే సంతకం.

డీజే లవర్ 506 · మంగళవారం, రాత్రి 11:40

తీస్తే నేను మా అన్న బరాత్ల పెట్టిస్త. సీరియస్.

ఆత్మకూరు ఆడబిడ్డ · గురువారం, సాయంత్రం 5:20

నిన్న ఊరికి పోయిన. నాయినమ్మకు ఎనభై దాటినయి, చెవులు తక్కువ. ఫోన్ల పరకాల అన్న పాట పెట్టి చెవు దగ్గర పట్టిన. పల్లవి రాంగనే నవ్వింది. “బావ దెస్తె బరువెందుకైతది? తేలికనే ఉంటది గదనే” అన్నది. తర్వాత తనది పాడింది, నాలుగు చరణాలు యాదికున్నయి, ఐదోది సగం. రికార్డు చేసుకున్న. మధ్యల దమ్ము తీసుకుంటది, కోడి కూసింది, అయినా ఉంచిన.

పైసల సంగతి చెప్పిన, నీ పేరు ఏస్తరట, వస్తే పాలు ఇస్తరట అని. సక్కగ మొఖం చూసి “నాకెందుకు? ఆ పాట నాది కాదు. మా పెద్దవదినె ఎత్తుకునేది, నేను అందుకునేటిదాన్ని. ఆమె మనుమలు ఉన్నరు ములుగుల, వాళ్లకియ్యమను” అన్నది. కొద్దిసేపాగి, “గని నాకు ఓ చీర తెమ్మను” అన్నది.

కొత్తవాడ మగ్గం · గురువారం, సాయంత్రం 5:45

చీర మీద పాలు ఎంతో రాసుకోవాలె సారూ కాయితంల.

పరకాల పాటోడు · శుక్రవారం, రాత్రి 9:15

అక్కా, రికార్డింగ్ అందింది. ఐదో చరణం సగం దగ్గర ఆగింది గదా, దాన్ని నేను పూర్తి చెయ్య. అట్లనే ఉండనిస్త.

నల్లకోటు సార్ పాత కాగితం చూసిండు. ఎన్నేండ్లకు అన్నది అండ్ల లేదట, నాలుగేండ్లల్ల వాపస్ వస్తది. డిస్క్రిప్షన్ మార్చుమని ఛానలాయనకు మెసేజ్ పెట్టిన: ‘పల్లవి: నాట్ల పాట, ఆత్మకూరు ఆడోళ్లు పాడినది. చరణాలు:’ అని పక్కన నా పేరు. నీలం టిక్కులు పడ్డయి, జవాబు రాలే. ఇరవై వేల పాటకు రెండు పల్లవులు పంపిన, ఒకదాంట్ల బావ ఉన్నడు. అబద్ధమెందుకు, ఈ నెల కిరాయి ఇంకా కట్టలే.

బీడీల పాట సిరిసిల్ల అన్నకు పంపిన. విన్నడట. రెండో చరణం దగ్గర దరువు మార్చుమంటున్నడు, మాకు పొద్దుగాలసంది అదే లొల్లి.

సిరిసిల్ల స్క్రీన్ · శుక్రవారం, రాత్రి 9:22

మార్చాలె తమ్మీ. మీ అమ్మ కత్తెర ఆడిచ్చే చప్పుడు ఉంటది గదా, ఆకు కత్తిరిచ్చేటప్పుడు, అది రికార్డు చేసి పంపు. దాని మీద కడుదాం.